అమెరికా వారి సోదెమ్మ

2008 జనవరి 7, సోమవారం. ఆ రాత్రి పది గంటలకు అమెరికాలో ఎన్.బి.సి. అనే టెలివిజన్ నెట్‌వర్క్‌లో "మీడియం" అనే ధారావాహిక నాలుగో సీజన్ మొదలయింది. అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో మొగుడూ పిల్లలతో కాపురం చేసుకుంటూ, రాత్రిళ్ళు కలలో హత్యలు చూసే ఒక ఇల్లాలి కథ అది. మన భాషలో చెప్పాలంటే సోదెమ్మ కథ. కాకపోతే ఈ సోదెమ్మకు బుట్టా లేదు, వెదురుకర్రా లేదు, గవ్వలూ లేవు. లా చదవాలనుకున్న చదువుకున్న మనిషి. ఆవిడకు జీతమిచ్చేది సాక్షాత్తూ ప్రభుత్వ ప్రాసిక్యూటరు గారి ఆఫీసు!

ఆ ఒక్క రాత్రిని పట్టుకుని టెలివిజన్ వాళ్ళ వ్యాపారాన్నీ, సోదె చెప్పేవాళ్ళ వ్యాపారాన్నీ, వాటి మధ్య ఉన్న చుట్టరికాన్నీ కాస్త తరచి చూద్దామన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా "సీజన్ ప్రీమియర్" అంటే ఏమిటో చెప్పుకోవాలి. మన టీవీ సీరియళ్ళకు మొదలు ఉంటుంది గాని చివర ఉండదు. వారానికి అయిదారు రోజులు, సంవత్సరాల తరబడి, ఏటి నీళ్ళలా సాగుతూనే ఉంటాయి. అమెరికా వాళ్ళ పాత పద్ధతి పంట పద్ధతి. సాధారణంగా సెప్టెంబరులో మొదలుపెట్టి మే నెలకు కోత కోస్తారు. వారానికి ఒకటి చొప్పున ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు. ఆ తర్వాత ఎండాకాలం సెలవులు, అచ్చం మన కాలేజీ లాగానే. చివరి ఎపిసోడులో కథను ఒక ముడి వేసి వదిలేస్తారు. నాయిక బతుకుతుందా, ఉద్యోగం ఉంటుందా, కాపురం నిలుస్తుందా అని ప్రేక్షకుడు నెలల తరబడి గింజుకోవాలి. ఆ ముడి విప్పే మొదటి ఎపిసోడే సీజన్ ప్రీమియర్.

వినడానికి సులువుగానే ఉంటుంది గాని, రాసేవాడికి అది కత్తిమీద సాము. ఎందుకంటే ఆ రాత్రి టీవీ ముందు కూర్చునేవాళ్ళు ఒక రకం వాళ్ళు కారు. మొదటినుంచీ చూసి ప్రతి చిన్న సంగతీ గుర్తు పెట్టుకున్న భక్తులు కొందరు. మధ్యలో వదిలేసి మళ్ళీ వచ్చినవాళ్ళు కొందరు. "ఏమిటిది, ఎవరీవిడ?" అంటూ కొత్తగా దిగినవాళ్ళు మరికొందరు. పాతవాళ్ళకు విసుగు పుట్టకుండా కొత్తవాళ్ళకు కథ చెప్పాలి. వేసిన ముడి విప్పాలి, విప్పుతూనే ఇంకొకటి వెయ్యాలి. ఇదంతా ప్రకటనలు పోగా మిగిలిన నలభై, నలభై అయిదు నిమిషాల్లో! హరికథ చెప్పే దాసుగారు రెండో రోజు సభలో నిన్నటి కథ రెండు ముక్కల్లో చెప్పి, ఇవాళ్టి కథలోకి ఎట్లా దూకుతారో గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా అదే విద్య.

పైగా 2008 జనవరి మామూలు జనవరి కాదు. అమెరికా సినిమా, టీవీ రచయితల సంఘం 2007 నవంబరు 5న సమ్మె కట్టింది. తాము రాసిన బొమ్మలను కంపెనీలు ఇంటర్‌నెట్‌లో చూపించి డబ్బు చేసుకుంటుంటే అందులో తమ వాటా ఏదని వాళ్ళ ప్రశ్న. ఆ సమ్మె నూరు రోజులు నడిచి, 2008 ఫిబ్రవరి 12న ముగిసింది. కలాలు ఆగితే కెమెరాలూ ఆగాయి. అప్పటికే రాసి, తీసి, డబ్బాల్లో పెట్టుకున్న ఎపిసోడ్లున్న సీరియళ్ళకు కరువులో ధాన్యం విలువ వచ్చింది. "మీడియం" నాలుగో సీజన్ పదహారు ఎపిసోడ్లూ అటువంటి సమయంలో బయటికి రావడం మొదలయింది.

ఇక అసలు కథలోకి వద్దాం.

"మీడియం" సృష్టికర్త గ్లెన్ గార్డన్ కేరన్. ఈయన అంతకు ఇరవై ఏళ్ళ ముందు "మూన్‌లైటింగ్" అనే సరదా డిటెక్టివు సీరియలుతో పేరు తెచ్చుకున్నవాడు. "మీడియం" మొదటి ప్రసారం 2005 జనవరి 3న. అలిసన్ డుబ్వాగా ప్యాట్రీషియా ఆర్కెట్ నటించింది. మొదటి ఏడాదికే ఆమెకు ఉత్తమ నటిగా ఎమ్మీ బహుమతి వచ్చింది. ఆ బహుమతి ప్రదానం 2005 సెప్టెంబరు 18 రాత్రి, రెండో సీజన్ ప్రీమియర్ ఆ మర్నాడే! అంతకు మించిన ప్రకటన ఏ కంపెనీ కొనగలదు?

భర్త జో పాత్రలో జేక్ వెబర్. ఆయన విమానాలూ రాకెట్ల సంబంధమైన ఇంజనీరు. లెక్క చెబితే గాని నమ్మని మనిషి పక్కన కలలు కనే ఇల్లాలిని పడుకోబెట్టడంలోనే రచయిత తెలివి ఉంది. మొదటి ఎపిసోడులో ఆమె కలలను కాగితం మీద పెట్టి, ఆమెకు చెప్పకుండా పోలీసు శాఖలకు ఫ్యాక్స్ చేసేది ఈ జో గారే. "ఒక్కటైనా నిజమవుతుందో లేదో చూద్దాం" అన్న ఇంజనీరు బుద్ధి. టెక్సాస్ నుంచి జవాబు వస్తుంది, కథ మొదలవుతుంది. ముగ్గురు ఆడపిల్లలు, వాళ్ళకూ అమ్మ పోలిక! పైన డిస్ట్రిక్ట్ అటార్నీ డెవలోస్, ఈ పాత్ర వేసినవాడు మిగెల్ సాండోవల్.

ఈ సీరియలుకు ఒక అచ్చు ఉంది. ఎపిసోడు తెరవగానే ఏదో ఒక దృశ్యం నడుస్తుంది. అది నిజంగా జరుగుతోందో, గతమో, భవిష్యత్తో మనకు తెలియదు. ఘోరం జరిగే క్షణానికి ఆవిడ మంచం మీద ఉలిక్కిపడి లేస్తుంది. పక్కన మొగుడు నిద్రకళ్ళతో "మళ్ళీనా?" అన్నట్టు చూస్తాడు. ఆ తర్వాత మానసిక వైద్యులు రోగుల చేత చూపించే సిరామరకల్లాంటి బొమ్మలతో పేర్లు పడతాయి. అక్కడి నుంచి తెల్లవారడం, పిల్లలకు పాలలో అటుకుల్లాంటివి వేసి పెట్టడం, బడికి ఆలస్యం, ఇంటి అప్పు వాయిదా. శవాలకూ, సీరియల్ గిన్నెలకూ మధ్య ఇల్లు నడుస్తుంటుంది. నా మటుకు నాకు ఈ సీరియల్లో నచ్చింది శవాలు కాదు, ఆ వంటిల్లే. భార్యాభర్తలు నిజం మనుషుల్లా పోట్లాడుకుని, నిజం మనుషుల్లా రాజీ పడే దృశ్యాలు అమెరికా టీవీలో గాని, మన టీవీలో గాని అంత విరివిగా దొరకవు.

నాలుగో సీజన్ మొదలయ్యేనాటికి ఈ వంటింట్లో పొయ్యి మీద పిల్లి పడుకుంది. మూడో సీజన్ చివర, 2007 మే నెలలో, ఆవిడ గుట్టు పత్రికలకెక్కింది. ప్రభుత్వ ప్రాసిక్యూటరు సోదెమ్మను పెట్టుకుని కేసులు నడుపుతున్నాడట! ఇంకేముంది? డెవలోస్ పదవి పోయింది, అలిసన్ ఉద్యోగం పోయింది, జో కూడా ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. ఇదీ వాళ్ళు వేసిన ముడి.

ఈ ముడిలో ఒక నిజాయితీ ఉంది. మూడేళ్ళపాటు ఈ సీరియల్ తప్పించుకు తిరిగిన ప్రశ్నను తానే ఎదురుగా తెచ్చి నిలబెట్టుకుంది. కోర్టులో సాక్ష్యం అంటే నువ్వు కళ్ళారా చూసిందీ, చెవులారా విన్నదీ. కలలో చూసింది సాక్ష్యం ఎట్లా అవుతుంది? అజ్ఞాత వ్యక్తి ఇచ్చిన సమాచారాన్ని బట్టి సోదా వారంటు ఇవ్వాలంటే ఆ సమాచారానికి ఎంత ఆధారం ఉందో అన్ని పరిస్థితులూ కలిపి చూడాలని అమెరికా సుప్రీంకోర్టు 1983లో ఇల్లినాయ్ వర్సెస్ గేట్స్ కేసులో చెప్పింది. "మా ఆఫీసులో ఒకావిడకు కల వచ్చింది మిలార్డ్" అని ఏ ప్రాసిక్యూటరు అఫిడవిట్ దాఖలు చేస్తాడు? అందుకే సీరియల్లో డెవలోస్ ప్రతిసారీ కలను పక్కన పెట్టి, దాన్ని బట్టి దొరికే వేలిముద్రనో, రక్తపు మరకనో వెతకమంటాడు. కల దారి చూపిస్తుంది, కోర్టుకు వెళ్ళేది మాత్రం వస్తువే. ఈ ఏర్పాటు బయటపడితే ఏమవుతుందో నాలుగో సీజన్ ప్రీమియర్ చూపించింది.

ముడి విప్పడానికి రచయితలు కొత్త పాత్రను దించారు. సింథియా కీనర్ అనే ప్రైవేటు పరిశోధకురాలు. నటించింది ఆంజెలికా హ్యూస్టన్, ప్రఖ్యాత దర్శకుడు జాన్ హ్యూస్టన్ కూతురు. ఆ పాత్రకు ఆమెకు ఎమ్మీ నామినేషన్ కూడా వచ్చింది. ఒక కిడ్నాప్ కేసు పట్టుకుని ఈవిడ అలిసన్ జీవితంలోకి వస్తుంది. ప్రభుత్వం కాదన్న సోదెమ్మకు ప్రైవేటు రంగంలో పని దొరికిందన్నమాట! ఆర్థిక సరళీకరణ అంటే ఇదే కాబోలు. పోనుపోనూ తెలిసే సంగతేమంటే, ఆ పరిశోధకురాలి కూతురే ఒకప్పుడు కనబడకుండా పోయింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, బిడ్డల జాడ చెప్పగల స్త్రీ. వీళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే రచయిత ఇంకేమీ చెయ్యక్కర్లేదు.

ఇక్కడే మనం కాస్త ఆగాలి.

టీవీ తెర మీద అలిసన్ కలను మనం ఎందుకు నమ్ముతాం? దానికి జవాబు నాటకశాస్త్రంలోనే ఉంది. ఆమె కల కన్నదని ఎవరో వచ్చి మనకు చెప్పడం లేదు. ఆమె కల మనమే చూశాం. ఎపిసోడు మొదట్లో, ఏమీ జరగకముందే, కెమెరా మనకు ఆ కల చూపించింది. అంటే మనమే సాక్షులం. చివర్లో హంతకుడు దొరికినప్పుడు మొదటి దృశ్యంతో సరిపోల్చుకుని "అరె, నిజమే!" అంటాం. పైగా ఆ కలను రాసినవాడూ, హంతకుణ్ణి రాసినవాడూ ఒకడే. పరీక్ష పేపరు దిద్దేవాడే జవాబులు రాసి పెట్టినట్టు. ఇందులో తప్పేమీ లేదు, కథ అంటేనే అది.

నిజ జీవితంలో ఈ వరస తిరగబడుతుంది. కల ముందు మనం చూడం. సంఘటన జరిగిపోయాక "నేను ముందే చెప్పాను" అన్న మాట వింటాం. చెప్పింది ఏమిటో, ఎప్పుడు చెప్పారో, ఎవరు రాసుకున్నారో తేలదు. పైగా చెప్పిన మాటలు ఎట్లా ఉంటాయి? "నీళ్ళు కనిపిస్తున్నాయి... చెట్లు... దగ్గర్లో ఒక రోడ్డు... ఏదో ఏడు అంకె..." నీళ్ళూ చెట్లూ రోడ్డూ లేని చోటు ఈ భూమ్మీద ఎక్కడుంది? శవం చెరువులో దొరికితే అది నీళ్ళు. ఎడారిలో దొరికితే కిలోమీటరు అవతల వాటర్ ట్యాంకు ఉంటుంది, అదీ నీళ్ళే. బాణం వేసిన తర్వాత దాని చుట్టూ గురి గియ్యడమన్నమాట.

మన ఊళ్ళలో సోదె విన్నవాళ్ళకు ఈ విద్య కొత్త కాదు. "నీ మనసులో ఒక బెంగ ఉంది తల్లీ, నీది మంచి చెయ్యి గాని నీకు మంచి లేదు, నీవాళ్ళనుకున్నవాళ్ళే నీకు కానివాళ్ళయ్యారు." బెంగ లేని మనిషి సోదెమ్మను ఎందుకు పిలుస్తుంది? చెబుతూ చెబుతూ ఎదుటి మనిషి ముఖం చూస్తుంది. ఎక్కడ కన్ను చెమరిస్తే అక్కడ ఆగుతుంది. ఎక్కడ ముఖం ముడుచుకుంటే అక్కడ దారి మార్చుకుంటుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే విద్యకు కోల్డ్ రీడింగ్ అని పేరు పెట్టి వ్యాసాలు రాశారు.

వాళ్ళలో ఆరిగన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ రే హైమన్ అనే ఆయన గురించి చెప్పుకోవాలి. కుర్రతనంలో చేతిఖర్చుకు హస్తసాముద్రికం చెప్పేవాడు. విన్నవాళ్ళు ముక్కున వేలేసుకుంటుంటే తనకే నమ్మకం కుదిరిపోయింది, రేఖల్లో నిజంగానే ఏదో ఉందని. అప్పుడు ఇంద్రజాల విద్య తెలిసిన పెద్దాయన ఒకడు చిన్న సలహా ఇచ్చాడు: ఈసారి రేఖలు చెప్పేదానికి సరిగ్గా విరుద్ధంగా చెప్పి చూడు. చెప్పాడు. ఆయుర్దాయం తక్కువన్న చోట ఎక్కువన్నాడు, మొండిఘటం అన్న చోట మెతక మనిషి అన్నాడు. జనం అంతకు ముందు ఎంత తృప్తిపడ్డారో ఇప్పుడూ అంతే తృప్తిపడ్డారు! ఆ రోజుతో ఆయన సాముద్రికం వదిలి మనస్తత్వ శాస్త్రం పట్టుకున్నాడు. నాకు తెలిసినంతలో ప్రయోగం అంటే ఏమిటో ఇంతకంటే చక్కగా చెప్పే కథ ఇంకొకటి లేదు. ల్యాబు అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు, ఎదురుగా చెప్పి చూసే ధైర్యం ఉంటే చాలు.

ఈ హైమన్ గారికీ మన సీరియలుకూ ఒక సంబంధం ఉంది. అలిసన్ డుబ్వా కల్పిత పాత్ర మాత్రమే కాదు. ఆ పేరుతో ఫీనిక్స్‌లో ఒక నిజమైన మనిషి ఉంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంది (ఈ యూనివర్సిటీ పేరు మన ఎమ్మెస్ ఆశావహులకు కొత్త కాదు), ప్రాసిక్యూటరు ఆఫీసులో ఇంటర్న్‌గా పనిచేసింది, చనిపోయినవాళ్ళతో మాట్లాడగలనంటుంది, పుస్తకాలు రాసింది. ఆమె జీవితం ఆధారంగానే ఈ సీరియల్ తీశారు. అరిజోనా విశ్వవిద్యాలయంలో గ్యారీ ష్వార్ట్జ్ అనే ప్రొఫెసర్ మీడియములుగా చెప్పుకునేవారిని పరీక్షించాడు, వారిలో ఈమె ఒకరు. ఫలితాలు అద్భుతమన్నాడు ష్వార్ట్జ్. ఆయన ప్రయోగాలను హైమన్ 2003లో ఒక పత్రికలో చీల్చి చెండాడాడు. ఎవరికి చెబుతున్నారో చెప్పేవారికీ, ఎవరి గురించి చెప్పారో వినేవారికీ తెలియకుండా కట్టుదిట్టం చెయ్యలేదనీ, సరిపోల్చి చూసే ఏర్పాటు సరిగా లేదనీ, తనకు సరిపోయిందో లేదో మార్కులు వేసేవాడు విన్నవాడే అయినప్పుడు అవి మార్కులే కావనీ ఆయన వాదన. ఇక మొదటి ఎపిసోడులో అంత ఆర్భాటంగా చూపించిన టెక్సాస్ రేంజర్ల సంగతి. అటువంటి సాయమేదీ ఆమె నుంచి తాము పొందలేదని ఆ శాఖ కాదనడం పత్రికల్లో వచ్చింది. ఆమె తన మాట తనదే అంది. తెర మీద ఫ్యాక్స్ వెళ్ళింది, జవాబు వచ్చింది. తెర బయట మాత్రం ఇదీ పరిస్థితి.

అసలు ఈ విషయాన్ని అమెరికా వాళ్ళు ఊరికే కొట్టి పారెయ్యలేదు సుమా. డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ 1930లలోనే పేకముక్కలతో లెక్క కట్టడం మొదలుపెట్టాడు. వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం. అయిదు గుర్తులు, ఒక్కొక్కటి అయిదేసి, మొత్తం ఇరవై అయిదు ముక్కలు. చూడకుండా చెప్పాలి. ఏ శక్తీ లేనివాడికి కూడా సగటున అయిదు సరిపోతాయి. మన స్టాటిస్టిక్స్ విద్యార్థులు ద్విపద విభాజనం వేసి చూసుకుంటే, పది లేక అంతకంటే ఎక్కువ సరిపోయే అవకాశం నూటికి ఒకటీ ముప్పాతిక దాకా వస్తుంది. అంటే వెయ్యి మందిని కూర్చోబెడితే దాదాపు పదిహేడుగురు, ఏ శక్తీ లేకుండానే, దివ్యదృష్టి ఉన్నవాళ్ళలా కనబడతారు. ఆ పదిహేడుగురినే పిలిచి ఇంటర్వ్యూ చేస్తే? మిగతా తొమ్మిది వందల ఎనభై ముగ్గురి ఊసే ఎత్తకపోతే? పత్రికలు చేసేది అదే.

తర్వాత సైన్యం వంతు. ఎక్కడో కూర్చుని రష్యావాళ్ళ రహస్య స్థావరాలను మనోనేత్రంతో చూడగలరా అని అమెరికా ప్రభుత్వం 1970ల నుంచి రెండు దశాబ్దాలకు పైగా ప్రయోగాలు చేయించింది. సుమారు రెండు కోట్ల డాలర్లు ఖర్చు. చివరకు దానికి స్టార్‌గేట్ అని పేరు. 1995లో బయటివాళ్ళ చేత సమీక్ష చేయించారు. సమీక్షకుల్లో మళ్ళీ మన హైమన్ ఒకరు, రెండోవారు జెస్సికా ఉట్స్ అనే గణాంకవేత్త. ప్రయోగశాల అంకెల్లో ఏదో ఉందని ఆవిడ, లేదని ఈయన. ఇద్దరూ పండితులే, ఇద్దరూ అవే అంకెలు చూశారు. అయితే గూఢచారి పనికి అది ఏనాడూ అక్కరకు రాలేదన్నది సమీక్ష తేల్చిన మాట. దుకాణం మూసేశారు. జేమ్స్ రాండీ అనే ఐంద్రజాలికుడు ఒప్పుకున్న షరతుల మధ్య శక్తి చూపినవారికి పది లక్షల డాలర్లు ఇస్తానని ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. 2015లో ఆ పందెం ముగిసేదాకా ఎవరూ గెలుచుకోలేదు. అంతకు ముందే, 1963లో, కేరళలో పుట్టి సింహళంలో స్థిరపడిన అబ్రహాం కోవూరు లక్ష రూపాయల సవాలు విసిరాడు. ఆయన 1978లో పోయారు. ఆ లక్షా అట్లాగే మిగిలింది.

మరి మనకు వచ్చిన కలలు నిజమయ్యాయే, అంటారా? కాకతాళీయ న్యాయం అని మన పెద్దలు ఒకటి చెప్పారు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకే రాల్చిందంటాం. దానికి కాస్త లెక్క జోడిద్దాం. మన కాలేజీలో వెయ్యి మంది ఉన్నారనీ, ఒక్కొక్కరికీ రాత్రికి ఒక కల వస్తుందనీ, ఆ కల మర్నాడు జరిగేదానితో ఉత్తపుణ్యానికి సరిపోయే అవకాశం పదివేలకు ఒకటేననీ అనుకుందాం. ఏడాదికి మూడు లక్షల అరవై అయిదు వేల కలలు. పదివేలతో భాగించండి. ముప్పై ఆరున్నర! ఏ దివ్యశక్తీ లేకుండా, ఈ ఒక్క క్యాంపస్‌లో, నెలకు ముగ్గురు చొప్పున ఒళ్ళు గగుర్పొడిచే కథలు చెప్పాలి. నిజం కాని కలలు ఎవరు లెక్క పెట్టారు? హాలుటికెట్ పోయిందని పరీక్షల ముందు రాత్రి మనందరికీ వచ్చే కలను ఎవరైనా జోస్యమంటున్నారా?

ఇంతవరకూ ఇది వినోదమే. కాని నాలుగో సీజన్ ప్రీమియర్ ఎత్తుకున్న విషయం తప్పిపోయిన బిడ్డ. అక్కడికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది.

ఆ ప్రీమియర్‌కు సరిగ్గా ఏడాది ముందు, 2007 జనవరిలో, మిస్సోరీ రాష్ట్రంలో ఒక పిల్లవాడు దొరికాడు. 2002 అక్టోబరులో, పదకొండేళ్ళ వయసులో, సైకిలు మీద వెళుతూ మాయమైనవాడు. నాలుగేళ్ళకు పైగా ఒక దుర్మార్గుడి ఇంట్లో బందీగా ఉన్నాడు. ఈ మధ్యలో, 2003లో, ఆ తల్లిదండ్రులు దిక్కుతోచక ఒక ప్రసిద్ధ టీవీ కార్యక్రమానికి వెళ్ళారు. అక్కడ సిల్వియా బ్రౌన్ అనే పేరుమోసిన సోదెమ్మ, కెమెరాల ఎదుట, మీ వాడు బతికి లేడని చెప్పింది. ఎత్తుకుపోయినవాడు నల్లని మనిషి, జడలు కట్టిన జుట్టు అంది. శవం ఎటువంటి బండల దగ్గర ఉంటుందో కూడా చెప్పింది. దొరికిన దొంగ తెల్లవాడు, పొట్టి జుట్టు. పిల్లవాడు సజీవంగా ఉన్నాడు.

ఆ పిల్లవాణ్ణి పట్టించిందెవరు? అదే దొంగ ఇంకొక కుర్రవాణ్ణి ఎత్తుకుపోయినప్పుడు ఆ చోటునుంచి తెల్ల పికప్ బండి ఒకటి వేగంగా వెళ్ళడం పదిహేనేళ్ళ తోటి విద్యార్థి ఒకడు గమనించాడు. బండి ఆనవాళ్ళు పూసగుచ్చినట్టు పోలీసులకు చెప్పాడు. నాలుగు రోజుల్లో ఇద్దరు పిల్లలూ దొరికారు. కల కాదు, కన్ను.

రెండోది ఓహియో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో జరిగింది. 2003 ఏప్రిల్ 21న, పదిహేడో పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, పని నుంచి ఇంటికి వస్తూ ఒక అమ్మాయి మాయమయింది. 2004లో తల్లి అదే టీవీ కార్యక్రమానికి వెళ్ళింది, అదే సిల్వియా బ్రౌన్ ముందు కూర్చుంది. నీ కూతురు లేదు అన్న జవాబు విని వచ్చింది. 2006లో ఆ తల్లి చనిపోయింది. 2013 మే 6న ఆ కూతురు తలుపు బద్దలుకొట్టుకుని బయటపడింది. పదేళ్ళపాటు ఆమెను దాచిన ఇల్లు అదే ఊళ్ళో ఉంది.

సిల్వియా బ్రౌన్ ఆ ఏడాదే నవంబరులో మరణించింది. ఆమె చెప్పినవి ఎన్ని తప్పాయో ఏకరువు పెట్టడం నా ఉద్దేశం కాదు. ఎవరైనా పొరబడతారు, పోలీసులూ పొరబడతారు. కాని పోలీసు పొరబడితే ఫైలు ఉంటుంది, అడిగే కోర్టు ఉంటుంది. టీవీలో సోదె చెప్పినావిడ పొరబడితే ప్రకటనల తర్వాత ఇంకొక అతిథి వస్తాడు. కథలో సింథియా కీనర్‌కు అలిసన్ దొరికింది. ఆ క్లీవ్‌లాండ్ తల్లికి దొరికింది వేరొకరు. ఆ రెంటికీ తేడా తెలియని ప్రేక్షకుడు ఎంత మంది ఉంటారో చెప్పలేం గాని, ఒక తల్లి ఉంటే చాలు కదా.

అట్లాగని "మీడియం"ను తప్పుపట్టడానికి నాకు చేతులు రావు. నిజం చెప్పాలంటే టీవీ సోదెమ్మల కంటే ఆ సీరియల్ ఎంతో జాగ్రత్తగా ఉంది. అలిసన్ కలలు చాలాసార్లు తప్పుదారి పట్టిస్తాయి. కలలో హంతకుడిలా కనిపించినవాడు బాధితుడవుతాడు, నిన్నటిదనుకున్నది రేపటిదవుతుంది. తాను చూసిందే నిజమని పట్టుబట్టినప్పుడల్లా ఆవిడ దెబ్బ తింటుంది. కొత్తదనం కోసం వాళ్ళు వెయ్యని వేషం లేదు. 2005 నవంబరులో ఒక ఎపిసోడును రంగు కళ్ళద్దాలు పెట్టుకుని చూసే త్రీడీలో కూడా తీశారు. కాని ఆ గడుసుతనం ఎప్పుడూ కథను మించిపోలేదు.

ఆ తర్వాతి ముచ్చట క్లుప్తంగా చెబుతాను. అయిదో సీజన్ చివర, 2009 జూన్‌లో, అలిసన్ మెదడులో కణితి పెట్టారు. ఆపరేషను చేస్తే శక్తి పోవచ్చు, చెయ్యకపోతే ప్రాణం పోవచ్చు. ఆవిడ కోమాలోకి వెళ్ళడంతో సీజన్ ముగిసింది. ఈలోగా ఎన్.బి.సి. ఈ సీరియల్‌ను వదులుకుంది. అయితే దీన్ని తయారుచేసే స్టూడియో పోటీ నెట్‌వర్క్ సి.బి.ఎస్. వాళ్ళది. తమ బావిలో నీళ్ళు ఇన్నాళ్ళూ పక్కింటివాళ్ళు తోడుకున్నారు, ఇప్పుడు మనమే తోడుకుందామని వాళ్ళు పుచ్చుకున్నారు. 2009 సెప్టెంబరు 25, శుక్రవారం రాత్రి ఆరో సీజన్ ప్రీమియర్ కొత్త చానల్లో వచ్చింది. ఆవిడ కళ్ళు తెరిచింది గాని చెయ్యి మాట వినదు, కలలు మళ్ళీ వస్తాయో రావో తెలియదు. శక్తి సంగతి ప్రేక్షకులు ఎంత పట్టించుకున్నారో గాని, ఆ చెయ్యి మళ్ళీ పనిచెయ్యాలని మాత్రం అందరూ కోరుకునేలా తీశారు.

ఏడు సీజన్లు, నూట ముప్పై ఎపిసోడ్లు. చివరిది 2011 జనవరి 21న. అందులో జో ప్రయాణం చేస్తున్న విమానం కూలిపోతుంది. ఏళ్ళు గడిచాక అలిసన్‌కు అతను బతికే ఉన్నాడని, జ్ఞాపకం పోయి ఎక్కడో పరాయి దేశంలో ఉన్నాడని కల వస్తుంది. వెళ్ళి వెతుకుతుంది, దొరుకుతాడు. తీరా చూస్తే ఆ వెతకడమూ, దొరకడమూ కూడా కలే. ఆవిడ కోరుకున్నది కాబట్టి వచ్చిన కల. అది అతనే వచ్చి ఆవిడకు చెబుతాడు.